శిష్యుడును సాక్షియును

శిష్యుడనగా నేర్చుకొనువాడు. నేర్చుకొనక బోధింపబూనుట తగదు.

1836లో రాతిపనివాడగు విలియం బౌడెను, చెప్పులు కుట్టువాడగు జార్జి బీరు ఇంగ్లాండులోని బార్న్‌స్టేపులు విడిచి, ఆంథోనీ నారిస్ గ్రోవ్సుతో కూడ ఓడ యెక్కిరి. ముందు తెలుగు నేర్చుకొని, పిమ్మట మన భాషలోనే సువార్త చెప్పుచు నరసాపురమున నిలిచిరి. ఆ పని వశిష్ఠను దాటి మన కోనసీమకు వ్యాపించెను.

విద్యార్థులారా, అంద్రెయ ప్రసంగింపలేదు; ఒక్క మాట చెప్పి, తన సహోదరుడగు పేతురును యేసునొద్దకు తోడుకొని వచ్చెను. మనకును మొదటి పొలము మన యింటి యరుగే. పరీక్షలో తోటివాని కాగితము చూడకుందము. ఎవరును చేరదీయని సహపాఠిని ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. అడిగినవానికి మన విశ్వాసమును వినయముతో తెలుపుదము, ఎవరిని బలవంతపెట్టకుందము. నడత లేని మాటను పొరుగువాడు నమ్మడు.