సీ షిఫ్టులో ఉన్న మేనల్లుడికి

కద్మా, జంషెడ్‌పూర్

చిరంజీవి అల్లుడికి,

నువ్వు రాత్రి సీ షిఫ్టు దిగి ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్ చేరేసరికి నాకు తెల్లారుతుంది. ఫోన్ చేస్తే నీ నిద్ర చెడుతుందని ఉత్తరం రాస్తున్నాను.

షుగర్ మిషన్ కొన్నావట. పది రోజులు చూసుకుని, అంకె రోజుకొకలా వస్తోందని బీరువాలో పెట్టేశావట. మీ ఆవిడ చెప్పింది. తీసి బయట పెట్టు నాన్నా. మీ మామయ్య షుగర్ పుస్తకం పదకొండేళ్లు నేనే రాశాను. ఆయనా ప్లాంటులో షిఫ్టులు చేసిన మనిషే.

ముందు చేతుల సంగతి. ఒక శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరంలో పానకం పంచి వచ్చి, చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని చూసుకున్నారు. 312. ఇద్దరికీ గుండె జారింది. సబ్బుతో కడుక్కుని, తడి ఆరాక మళ్లీ చూస్తే 158! వేలికి అంటిన బెల్లమే అంత పని చేసింది. సూది వేలి కొసన నడిమధ్య కాకుండా పక్కగా గుచ్చుకో, నొప్పి తక్కువ. చుక్క రాకపోతే చెయ్యి కిందికి వేలాడదియ్యి, వేలు గట్టిగా పిండకు. స్ట్రిప్పుల డబ్బా బండి డిక్కీలో వదిలెయ్యకు. మన ఊరి మే నెల ఎండకు అవి పాడైపోతాయి. ఇంత చేసినా, మంచి మిషన్ కూడా ల్యాబ్ అంకెకు 15 శాతం దాకా అటూఇటూ చూపించొచ్చు. 140కీ 150కీ తేడా వెతికి బెంగపడకు.

అసలు చిక్కు నీ షిఫ్టుతోనే. డాక్టరు "పరగడుపున" అంటే నువ్వు పొద్దున్న ఏడింటికి చూసుకుంటున్నావు. రాత్రి మూడింటికి క్యాంటీన్‌లో తిన్నవాడికి ఏడింటికి పరగడుపు ఎక్కడిది? సీ షిఫ్టు వారంలో నీకు తెల్లారేది మధ్యాహ్నం మూడింటికి. పడుకునే ముందు ఏం తిన్నా, దానికి ఎనిమిది గంటలు గడిచాయో లేదో చూసుకుని, నిద్ర లేవగానే ఏమీ తినకుండా కొలుచుకో. అదే నీ పరగడుపు. అంకె పక్కన ఏ షిఫ్టో, ఎప్పుడు తిన్నావో, ఎంత నిద్రపోయావో రాయి. అవి లేని అంకెను చూసి డాక్టరైనా ఏం చెప్పగలరు?

స్ట్రిప్పులు చవకేం కాదు, అందుకే ఊరికే గుచ్చుకోకు. ఒక భోజనాన్ని పట్టుకో. దానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఇంకోసారి. మీ మామయ్యకు ఒకరోజు 124 నుంచి 231కి పోయింది. మర్నాడు అదే పప్పు, అదే కూర, అన్నం మాత్రం సగం. 168. అన్నం తగ్గించమని ఏళ్ల తరబడి నేను పోరినా వినని మనిషి, ఆ రెండు అంకెలు చూసి విన్నారు. చాలామంది పెద్దవాళ్లకు తినకముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉండాలంటారు. నీకెంతో మీ డాక్టరునడుగు. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు మార్చకు. మూడు నెలలకోసారి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా మానకు.

మా నాన్న కాలంలో బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచేవాళ్లు. నీలం ఆకుపచ్చయి, పసుపయి, ఇటుక రంగుకు తిరిగేది. రక్తంలో షుగర్ దాదాపు 180 దాటితేగాని రంగు మారదు. పడిపోతే అసలు తెలియదు. నాకు నీ విషయంలో భయం ఆ పడిపోవడమే. కొలిమి దగ్గర అందరికీ చెమటే, అది వేడికి పట్టిందో షుగర్ పడిపోయి పట్టిందో పోల్చుకోలేవు. చెయ్యి వణికినా, కళ్లు మసకబారినా పని ఆపి, పక్కవాడికి చెప్పి, చూసుకో. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగు, పావుగంటకు మళ్లీ చూడు. మిషన్ చేతిలో లేకపోతే ముందు పంచదారే. జేబులో పొట్లం ఉంచుకో.

ఆఫ్ రోజున మీ ఆవిడతో కలిసి భోజనానికి రా. మీ మామయ్య పుస్తకం తీసి ఉంచుతాను. సీ షిఫ్టు వారాలన్నీ అందులో ఎర్ర సిరాతో ఉన్నాయి.

మీ అత్తయ్య