ఆదరణే ఆయువు

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేయగా, జీవనాధారం దెబ్బతిన్న మన్యం గిరిజనులు 1922లో ఆయన నాయకత్వాన తిరగబడ్డారు. వారికి అడవి భుక్తి మాత్రమే కాదు. పండుగ, బంధుత్వం, ఆత్మగౌరవం దానితో పెనవేసుకొన్నవి. అటువంటి అనుబంధాలు తెగినచోట మనిషి ఒంటరివాడవుతాడు.

ఆత్మహత్యకు కారణాలు అనేకం. అది ఏ జాతికీ సహజలక్షణం కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీ సమాజాలను పరిశీలించిన చాండ్లర్, లాలోండ్ 1998లో ఈ సంగతి వెల్లడించారు. భూమి, పాలన, చదువు, వైద్యం, సంస్కృతి తమ చేతిలో నిలుపుకొన్న సమాజాలలో యువజనుల ఆత్మహత్యలు చాలా తక్కువ.

మన కర్తవ్యమూ ఉంది. ఊరు విడిచి వసతిగృహంలో చేరిన తోటి విద్యార్థి ముభావంగా ఉంటూ బ్రతుకు వ్యర్థమంటే, “చనిపోవాలనిపిస్తోందా?” అని ఆత్మీయంగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, గుండెబరువు తగ్గుతుంది. అతనిని ఒంటరిగా విడువక పెద్దలకు, వైద్యులకు తెలపాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించినవారికి శిక్ష కాక ఆదరణ, చికిత్స అందాలంటుంది. 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 నంబరు రేయింబవళ్ళు ఉచితంగా పలుకుతుంది.

ప్రశ్న: సమాజబంధాలు ప్రాణరక్షకాలని పాఠం ఆధారంగా వివరించండి.