ప్రశ్నలు - జవాబులు: రెవిట్ ప్లాను, ఆటోక్యాడ్ లేయర్లు

ప్రశ్న: రెవిట్‌లో చేసిన అపార్ట్‌మెంట్ ప్లాన్‌ని డీడబ్ల్యూజీగా మార్చి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి పంపాను. బయటి గోడలు, లోపలి గోడలు ఒకే లేయర్‌లో ఉన్నాయి, విడదీసి పంపమన్నారు. ఆటోక్యాడ్‌లో ఒక్కో గీతా పట్టుకుని మార్చాల్సిందేనా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ప్లాన్‌లో రేపు ఓ కిటికీ జరిగితే ఆ చాకిరీ అంతా మళ్లీ మొదలు. రెవిట్‌లో అసలు లేయర్లే ఉండవు. గోడలు, తలుపులు, కాలమ్‌లు అంటూ కేటగిరీలుంటాయి. ఏ కేటగిరీ ఏ లేయర్‌లోకి వెళ్లాలో చెప్పే పట్టిక ఎక్స్‌పోర్ట్ సెటప్‌లో ఉంటుంది. దిద్దాల్సింది దాన్నే. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ పద్ధతి ఎంచుకుంటే గోడలకు ఎ-వాల్, తలుపులకు ఎ-డోర్ లాంటి పేర్లొస్తాయి. బ్రిటిష్ 1192, ఐఎస్ఓ 13567 పద్ధతులూ అక్కడే ఉన్నాయి. మీ ఇంజినీర్ వాడే పేర్లనే టైప్ చేసుకున్నా ఇబ్బంది లేదు.

ఆ పట్టికలో వాల్స్ వరుసను విప్పితే కింద ఇంటీరియర్, ఎక్స్‌టీరియర్ విడివిడిగా కనిపిస్తాయి. రెండింటికీ వేరు వేరు పేర్లు, రంగు నంబర్లు ఇవ్వండి.

అసలు మెలిక ఇక్కడుంది. ఏది లోపలి గోడో రెవిట్ ప్లాన్ చూసి తేల్చుకోదు. గోడ టైప్ ప్రాపర్టీస్‌లో ఫంక్షన్ అన్నచోట ఏముంటే అదే నమ్ముతుంది. మనవాళ్లేమో 9 అంగుళాల బయటి గోడను డూప్లికేట్ చేసి, మందం తగ్గించి, నాలుగున్నర అంగుళాల గోడ అని పేరు పెట్టేస్తారు. ఫంక్షన్ మాత్రం ఎక్స్‌టీరియర్‌గానే ఉండిపోతుంది. పట్టిక ఎంత చక్కగా నింపినా రెండు బెడ్‌రూమ్‌ల మధ్య గోడ వెళ్లి బయటి గోడల లేయర్‌లో కూర్చుంటుంది. ముందు టైపులన్నీ ఒకసారి తెరిచి ఇది సరిచూడండి. తర్వాత సెటప్‌కి పేరుపెట్టి ఆఫీసు టెంప్లేట్‌లో ఉంచుకుంటే ప్రతి ప్రాజెక్టుకీ పనికొస్తుంది.

ప్రశ్న: ఆటోక్యాడ్‌లో లేయర్ రంగు మార్చినా కొన్ని గీతలు పాత రంగులోనే ఉంటున్నాయి. ఎందుకు?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెవిట్ వ్యూలో ఎవరో ఆ వస్తువుల రంగు ఓవర్‌రైడ్ చేసి ఉంటారు. ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ "ఓవర్‌రైడ్స్ బై ఎంటిటీ" అని ఉంటే ఆ రంగు గీతకే అంటుకుని వస్తుంది, లేయర్ మాట వినదు. "అన్నీ బై లేయర్, ఓవర్‌రైడ్స్ వద్దు" అన్నది ఎంచుకోండి. ప్రతి ఓవర్‌రైడ్‌కీ కొత్త లేయర్ పుట్టించే మూడో ఆప్షన్ కూడా ఉంది. లేయర్ల జాబితా చాంతాడంత అవుతుంది, నేనైతే దాని జోలికి పోను. ఇప్పటికే వచ్చిన ఫైల్‌కైతే ఆటోక్యాడ్‌లో సెట్‌బైలేయర్ కమాండ్ ఇవ్వండి. బ్లాకులను కూడా కలపాలా అని అడిగితే అవుననండి.

ప్రశ్న: షీట్ పంపితే అవతలివాళ్లకు బోర్డర్ తప్ప ఏమీ కనిపించడం లేదట.

జవాబు: వ్యూలు ఎక్స్‌రెఫ్‌లుగా వేరే ఫైళ్లలోకి వెళ్లాయి, మీరు షీట్ ఫైల్ ఒక్కటే పంపారు. సేవ్ చేసే డైలాగ్‌లో అడుగున ఉన్న ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ టిక్ తీసేయండి.

ప్రశ్న: రెవిట్ నుంచి తీసిన డీడబ్ల్యూజీ ఫైల్‌ని ఆన్‌లైన్ బిల్డింగ్ పర్మిషన్‌కి అప్‌లోడ్ చేయవచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నేరుగా కుదరదు. డ్రాయింగ్‌ని పరిశీలించే సాఫ్ట్‌వేర్‌కి గోడల గీతలు కాదు, తను చెప్పిన పేర్ల లేయర్లలో మూసిన పాలీలైన్‌లు కావాలి. గదుల వరకు కొంత సాయం ఉంది: ఎక్స్‌పోర్ట్ సెటప్‌లో జనరల్ ట్యాబ్‌లో రూమ్స్‌ని పాలీలైన్‌లుగా పంపే టిక్ పెట్టండి. ఆ గీత గోడ అంచున పడాలా, మధ్యన పడాలా అన్నది రెవిట్ ఏరియా కంప్యుటేషన్స్‌లో ముందే తేల్చుకోండి, లేకుంటే విస్తీర్ణం తేడా వస్తుంది. ప్లాటు హద్దు, సెట్‌బ్యాక్‌ల లాంటివి మాత్రం ఆటోక్యాడ్‌లో చేత్తో గీసుకోక తప్పదు.