రోబోలొస్తే మా అమ్మాయి ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్ ఈసీఈ పూర్తిచేసింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేర్పిద్దామంటే, రోబోలొచ్చి నాలుగేళ్లలో ఇంటికి పంపేస్తారని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, రేణిగుంట

జవాబు: రోబోలు కొత్తగా రావడమేంటండీ, ఎప్పుడో వచ్చేశాయి. ఫోను బోర్డు మీద ఆవగింజకన్నా చిన్న విడిభాగాలుంటాయి. వాటిని చేత్తో వేలకొద్దీ పెట్టడం ఎవరి తరమూ కాదు. ఎస్‌ఎంటీ (బోర్డు మీద విడిభాగాలు అతికించే) లైన్లో యంత్రం రీలులోంచి ఒక్కొక్కటే పీల్చి, గంటకు వేలకొద్దీ అతికిస్తుంది. తర్వాత కెమెరా తనిఖీ. అది బాగున్న బోర్డును కూడా ఒక్కోసారి తప్పని ఆపేస్తుంది. అప్పుడు తెర మీద చూసి తేల్చేది మనిషే.

2018లో టీసీఎల్‌ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగిన వికృతమాల అయినా, మీ ఎయిర్‌పోర్టు పక్కనైనా పని ఇదే తీరు. స్క్రూలు బిగించడం, కళ్లతో చూసి ఏరడం లాంటి ఒకే రకం పనులకే ముప్పు ఎక్కువ. కృత్రిమ మేధ వచ్చేకొద్దీ ఆ తెర ముందు కుర్చీలూ తగ్గొచ్చు. దాచి లాభం లేదు.

అమ్మాయిని చేర్పించండి. కానీ ఏడాదంతా ఒకే స్టేషన్లో కూర్చోనివ్వకండి. రీలును అందించే ఫీడర్ ఎందుకు ఇరుక్కుంది, విడిభాగాన్ని పీల్చే నాజిల్ ఎందుకు జారవిడుస్తోంది అని మెయింటెనెన్స్ వాళ్లను అడిగి నేర్చుకోమనండి. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) కోర్సు దొరికితే వదలొద్దు. చేరేముందు ఒక్కటి చూడండి: ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టరుదా? పని తగ్గితే ముందు ఆపేది కాంట్రాక్టు వాళ్లనే, దానికి రోబో కూడా అక్కర్లేదు.