బడి ఆటోకు చలానా

యాకుత్‌పురా గల్లీలు ఇరుకు. ఏడున్నరకు వచ్చిన ఆటోలోకి మనం పిల్లల్ని ఏడు నలభైకి ఎక్కిస్తాం. ఆ పది నిమిషాల కోసం డ్రైవరన్న పెద్దరోడ్డు మీద వేగం పెంచుతాడు. తప్పు అతనొక్కడిదేనా?

పోలీసు కెమెరా బండి నంబరును, వేగాన్ని పట్టేస్తుంది. అక్కడ ఎవరూ ఆపకపోవచ్చు. తరువాత ఓనరు పేరున చలానా వస్తుంది. ఆటో కిరాయిదైతే ఓనరు ఊరుకుంటాడా? డ్రైవరు దగ్గరే వసూలు చేస్తాడు. పోయేది అతని ఇంటి బియ్యం డబ్బు.

2023లో హైదరాబాదులో వేగానికి హద్దులు పెట్టారు. ఆటోలకు డివైడరున్న రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు, లేనిచోట 40. కాలనీ రోడ్లలో అన్ని బండ్లకూ 30.

చలానా వస్తే భయపడకండి. మీకు చదువు వచ్చింది కదా! నంబరు మనదేనా? ఏ తేదీ? ఎక్కడ? ఎంత వేగం? చదివి చూడండి. డబ్బు కట్టి రశీదు తీసుకోండి.

కొందరు స్కూటీ తాళం పదిహేనేళ్ల కొడుక్కిచ్చి, "చెల్లెను బడిలో దింపి రారా" అంటారు. ఇది ఇంకా పెద్ద చిక్కు. 2019లో మారిన చట్టం ప్రకారం, ఆ పిల్లవాడు తప్పు చేసి దొరికితే తల్లిదండ్రులకు లేదా ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.