లినక్స్ మారితే ప్రోగ్రాములను మళ్లీ ఎందుకు కట్టాలి?

కంప్యూటర్‌లో లినక్స్ పాత వెర్షన్ తీసి కొత్తది వేసుకున్నాక, నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాము ఒక్కోసారి తెరుచుకోదు. ఫలానా లైబ్రరీ దొరకలేదని చెబుతుంది. కంప్యూటర్ పాడైందని మనం భయపడతాం. భయం అక్కరలేదు. ఆ ప్రోగ్రామును మళ్లీ కట్టుకుంటే చాలు. దీన్నే రీబిల్డ్ అంటారు. ఎందుకు కట్టాలో తెలుసుకుందాం.

లైబ్రరీ అంటే ఏమిటి?

మనం సి భాషలో రాసేది సోర్స్ కోడ్. కంపైలర్ దాన్ని యంత్రభాషలోకి మారుస్తుంది. అలా తయారైన ఫైళ్లన్నీ ఒక మూటగా కడితే అది ప్యాకేజీ. తేదీ చూడడం, ఫైలు తెరవడం వంటి అందరికీ కావలసిన పనులు లైబ్రరీలలో ఉంటాయి. ప్రోగ్రాములు వాటిని పిలిచి పని చేయించుకుంటాయి. అయితే ఇద్దరి కొలతా ఒకటే కావాలి.

మన ఊళ్లలో రెండు సోలలు ఒక తవ్వ. వంటమనిషి చీటీలో "పది" అని మాత్రమే రాసి పంపాడనుకోండి. స్టోర్‌రూంలో సోల తీసేసి తవ్వ పెట్టారు. అప్పుడు బియ్యం రెట్టింపు వస్తాయి, వంట చెడుతుంది. కంపైలైన ప్రోగ్రాము ఆ చీటీ లాంటిది. కొలత మారితే చీటీ మళ్లీ రాయాలి.

డెబియన్‌లో జరిగింది ఇదే

లినక్స్ 1970 జనవరి 1 నుండి సెకన్లను లెక్కపెట్టి కాలం చెబుతుంది. ఆ లెక్కను 32 బిట్లలో దాస్తే 2,147,483,647 దాటి పట్టదు. మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. మరుసటి సెకనులో తేదీ 1901కి వెళ్లిపోతుంది.

అందుకని డెబియన్ వారు 2024లో 32 బిట్ల ఆర్మ్ యంత్రాల కోసం ఈ లెక్కను 64 బిట్లకు పెంచారు. సోల పోయి తవ్వ వచ్చినట్టే! కొలత మారిన లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర "టి64" చేర్చారు. పాత ప్రోగ్రాము పొరపాటున కొత్త లైబ్రరీతో కలవకూడదని ఈ జాగ్రత్త. ముందు లైబ్రరీలను, తరువాత వాటిపై ఆధారపడిన ప్రోగ్రాములను తిరిగి కట్టారు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13తో ఇది అందరికీ అందింది.

పాత ఇంటెల్ రకం 32 బిట్ల యంత్రాల ప్యాకేజీలలో మాత్రం ఈ మార్పు చేయలేదు. వాటి కోసం తయారైన పాత ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. సోర్స్ చేతిలో లేని ప్రోగ్రామును తిరిగి కట్టలేము కదా!

అన్నింటినీ కట్టాలా?

అక్కరలేదు. మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న పోతన2000 ఫాంటు కూడా డెబియన్‌లో ఒక ప్యాకేజీలో భాగమే. అది అక్షరాల రూపాలే గాని యంత్రభాష కాదు. కనుక దాన్ని ఏ యంత్రంలోనైనా అలాగే వాడుకోవచ్చు.

మనం చేయవలసినవి

1. అప్‌గ్రేడ్‌కు ముందు మన ఫైళ్లను, సోర్స్ కోడ్‌ను వేరేచోట దాచుకోవాలి.
2. తరువాత "ఎల్‌డిడి" ఆదేశంతో ఏ లైబ్రరీ దొరకడం లేదో చూడాలి.
3. ఆ లైబ్రరీ కొత్త వెర్షన్‌ను, దాని "డెవ్" ప్యాకేజీని వేసుకోవాలి.
4. పాతగా కంపైలైన ఫైళ్లను తుడిచి, సోర్స్ నుండి మళ్లీ కంపైల్ చేయాలి.
5. పైథాన్‌లో ప్రాజెక్టు కోసం వేరుగా పెట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను కొత్తగా తయారుచేసుకోవాలి. డెబియన్ 12లో పైథాన్ 3.11 ఉంటే, 13లో 3.13 వచ్చింది.

సోదర విద్యార్థులారా! విత్తనం దాచుకున్న రైతు మళ్లీ పంట వేయగలడు. సోర్స్ దాచుకున్నవాడు ప్రోగ్రామును మళ్లీ కట్టగలడు. కావున మీరు రాసిన ప్రతి చిన్న ప్రోగ్రాము సోర్స్‌నూ భద్రంగా ఉంచుకోండి. రేపు సిస్టమ్ మారినా మీ శ్రమ వృథా కాదు.