జ్వరపడిన నాటి జీతం

గత సంవత్సరం మా ఇంటర్మీడియేట్ తరగతిలో ఒక విద్యార్థి స్థానం పదునేడు రోజులు ఖాళీగా ఉన్నది. హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తు వేసి ఊరుకున్నాము. ఆపైన విచారించగా సంగతి తెలిసినది. తండ్రికి టైఫాయిడ్ సోకగా, ఆయన పని మరొకరికి పోకుండా ఈ బాలుడు కార్ఖానాలో ఆయన యంత్రం ముందు నిలబడ్డాడట. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పరీక్ష కొరకు వల్లించే విషయాన్ని తెలుగు బోధించే మేము చేపట్టడానికి కారణమిదే.

జబ్బుపడిన కార్మికునికి భృతి ఇవ్వడం యజమాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడరాదన్న భావన చట్టరూపం దాల్చినది 1883లో, జర్మనీలో. మన దేశంలో ఆచార్య బి. పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక దీనికి పునాది. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం ఆరంభమైనది. జనం నోట అది ఇ.ఎస్.ఐ. 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించినా, చందా కట్టి భృతి పొందే పద్ధతి మారలేదు.

ఆ పద్ధతిని ఒక లెక్కతో చూద్దాము. నెలకు 15,000 రూపాయల జీతగానికి నూటికి ముప్పావలా చొప్పున 113 రూపాయలు చందా పడుతుంది; యజమాని నూటికి మూడుంబావలా చొప్పున 488 రూపాయలు చెల్లించాలి. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా ఉంటే, తదుపరి భృతి కాలంలో జబ్బుపడినప్పుడు సగటు దినవేతనంలో 70 శాతం లభిస్తుంది. ఏడాదికి పరిమితి 91 రోజులు. మొదటి రెండు రోజులకు మాత్రం సాధారణంగా ఏమీ రాదు. అనగా రోజుకు 500 గడించేవాడు పది రోజులు మంచం పడితే ఎనిమిది రోజులకు 2,800 రూపాయలు. క్షయ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు ఇచ్చే ఏర్పాటు వేరే ఉన్నది. కొత్తగా చేరినవానికి వైద్యం అందుతుంది గాని, తొమ్మిది నెలలు నిండేవరకు భృతి అందదు. ఇది మాకు న్యాయంగా తోచదు. జ్వరం నెలలు లెక్కించి రాదు గదా!

“నటించేవారి సంగతేమిటి?” అని యజమానులు అడుగుతారు. అందుకే వైద్యుని ధ్రువపత్రం కావాలి. భృతి తీసుకునే రోజున జీతానికి పనిచేయరాదు. ప్రతిగా, భృతి పొందుతున్న కాలంలో కార్మికుని తొలగించరాదని 1948 చట్టంలోని 73వ సెక్షను శాసించినది. తిరిగి వచ్చినవానిని సంజాయిషీ అడగడానికి ముందు, కోలుకున్నావా అని అడిగి, కొన్నాళ్లు తేలికపని అప్పగించే యజమాని నష్టపోడని మా నమ్మకం. ఒళ్లు కాలుతుండగా యంత్రం త్రిప్పేవాని వేళ్లకు ఎవరు పూచీ?

చిక్కంతా కార్మికుడెవరు అన్నచోటనే. ఇది మన హైదరాబాదులోనే తేలిన వ్యాజ్యం. రాయల్ టాకీసు మొదలైన సినిమాహాళ్ల ఆవరణలో క్యాంటీను, సైకిల్ స్టాండు గుత్తకిచ్చారు. అక్కడి పనివారు గుత్తదారు మనుషులే గాని తమవారు కారని హాళ్ల యజమానులు వాదించారు. 1978లో సుప్రీంకోర్టు, న్యాయమూర్తి కృష్ణయ్యరు తీర్పు ద్వారా, ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. చాయ్ అందించేవాడు, సైకిలుకు చీటీ కట్టేవాడు కూడ ఆ హాలు పనికి అనుబంధంగా శ్రమించేవారే. వారికీ బీమా వర్తించవలసిందే. సినిమా చూచి వచ్చే మనలో ఎందరు వారి ముఖం వంక చూచి ఉంటాము?

మా విద్యార్థి తండ్రి విషయంలో గుత్తదారు కూడ లేడు. పదిమంది ఉన్నచోట ఈ పథకం తప్పనిసరి. ఆ కార్ఖానా రిజిస్టరులో ఉన్నది తొమ్మండుగురు! బాలుడు పదునేడు రోజులు నిలిచి చూచినవాడు గనుక, యంత్రాల ముందున్న పదునలుగురి పేర్లు నోటు పుస్తకంలో వ్రాసి తెచ్చాడు. తండ్రి పేరు పదకొండవది. తెలుగులో మేము, ఉర్దూలో మా సహోపాధ్యాయులు అర్జీ వ్రాసి ఇచ్చాము. బీమా కార్యాలయంలో దానిని స్వీకరించి ముద్ర వేసిన నకలు ఆ బాలుని వద్ద ఉన్నది. తనిఖీ ఇంకా జరుగవలసి ఉన్నది.